ఏడు మేకులు, ఏడు గుడ్డలు

ఆ మేస్త్రిని అందరూ సైలెన్సర్ అంటారు. ఆయనకు లేనిదాన్నే పేరుగా పెట్టారు. ఉదయం ఎనిమిదింటికి షెడ్డు రేకు తలుపు పైకి లేస్తుంది, ఎనిమిదీ ఐదుకి ఆయన గొంతు లేస్తుంది. ఎదురుగా ఉన్న తాళాల కొట్టతను గడియారం చూసుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది.

ఆయన కోపానికి మనిషీ వస్తువూ అన్న తేడా లేదు. తుప్పుపట్టిన బోల్టును తిడతాడు. దాన్ని అంత గట్టిగా బిగించి చచ్చిన పాత మెకానిక్కు ఎవడో వాణ్ణి తిడతాడు. ఆరా తీస్తే ఆ పాత మెకానిక్కు చాలాసార్లు ఆయనే అవుతాడు. అన్నిటికన్నా ఎక్కువగా ఒక్క మాట మీద మండిపడతాడు. బండి తెచ్చినవాడు "పికప్ లేదండీ" అంటే చాలు.

"పికప్ లేకపోవడమేంటి? దగ్గుతోందా, ఆయాసపడుతోందా, మొరాయిస్తోందా? డాక్టరు దగ్గరికెళ్ళి ఒంట్లో బాలేదని చెప్పి బొమ్మలా కూర్చుంటావా? ఎప్పుడు, ఎక్కడ, ఎంత బరువుతో, ఏ గేరులో? ముందు అది చెప్పు."

నలభై ఏళ్ళ పనిలో ఆయన నేర్చుకున్నదంతా ఆ నాలుగు ప్రశ్నల్లో ఉంది. దారినపోయే ప్రతివాణ్ణీ అడిగే ఆ నాలుగూ సొంత చెల్లెల్ని మాత్రం అడగలేదు.

డీజిలు బండ్ల మీద ఆయనకు ప్రత్యేకమైన పట్టు. పెట్రోలు ఇంజను నేర్చుకుని డీజిలు బండి ముందుకొచ్చేవాళ్ళకు ఆయన చెప్పే పాఠం ఎప్పుడూ ఒకటే. "పెట్రోలు బండిని గొంతు నొక్కి అదుపు చేస్తారు. దీనికి గొంతు తెరిచే ఉంటుంది, తిండి పెంచీ తగ్గించీ అదుపు చేస్తారు. అలాంటిదానికి గాలి తగ్గిందంటే ఎవడో పీక పిసుకుతున్నాడని. వాణ్ణి పట్టుకో. అంతేగానీ కనపడ్డ భాగమల్లా మార్చుకుంటూ పోతే నువ్వు మెకానిక్కువి కాదు, అంగట్లో గుమాస్తావి."

ఆ షెడ్డులో ఒక నియమం ఉంది. పని నేర్చుకునే రోజుల్లో ఆయన గురువు ఒక వ్యాను గాలి గొట్టం ఊడదీసి, ఆ నోరు మూయకుండా టీకి వెళ్ళాడు. పైనున్న వాషరు ఒకటి లోపలికి జారింది. టీ తాగి వచ్చి స్టార్టు చేశాడు. ఇంజను ముక్కలు ఏరడానికి రెండు రోజులు పట్టింది. ఆ గురువు మిగిలిన జీవితం సైకిళ్ళకు పంక్చర్లు వేసుకుంటూ గడిపాడు. అప్పటి నుంచి మేస్త్రి ఇంజనులో ఏ నోరు తెరిచినా వెంటనే గుడ్డ కుక్కుతాడు. గోడకు ఏడు మేకులు, వాటికి ఏడు గుడ్డలు. పాత ముదురు నీలం పరదా చించి, అంచులకు ఎర్ర దారం వేసి భార్య కుట్టినవి. ఏడు మేకులూ నిండితేగానీ ఏ బండీ గేటు దాటదు. ఆ లెక్క మోసం చేయలేదు కూడా, ఒక్కసారి తప్ప.

చెల్లెలు ఆయన కన్నా పదిహేనేళ్ళు చిన్న. అన్నాచెల్లెళ్ళకు ముక్కు పోలిక లేదు, నోటి పోలిక ఉంది. ఆవిడ ఒక రక్తపరీక్షల లాబ్‌కు కారు నడుపుతుంది. రైలు పట్టాలకు అవతలి వైపున్న క్లినిక్కులు తిరిగి, నాలుగు ఐసు పెట్టెల్లో రక్తం గొట్టాలు వేసుకుని, వంతెన ఎక్కి దిగి, గడువులోగా ఇవతలున్న లాబ్‌కు చేర్చాలి. రోజుకు రెండుసార్లు. ఎనిమిదేళ్ళలో కారుకు గీత పడలేదు. నడపడం నేర్పింది అన్నయ్యే. "క్లచ్చు మీద కాలు కాదు, ఈక పెట్టు" అని మూడు నెలలు అరిచి నేర్పాడు.

ఒకరోజు ఆ కారు మామూలు సర్వీసుకు వచ్చింది. మేస్త్రి గాలి ఫిల్టరు మార్చాడు. ఎప్పటిలాగే ఫిల్టరు డబ్బా మూత మీద తెల్ల రంగుతో తేదీ వేశాడు. పని మధ్యలో లాబ్ మేనేజరు ఫోను చేస్తూనే ఉన్నాడు, బండెప్పుడిస్తారని. ఆరోసారి ఫోను మోగినప్పుడు మేస్త్రి వీధి చివరిదాకా వినపడేలా సమాధానం చెప్పాడు. చెబుతూనే మూత బిగించాడు, చెబుతూనే గోడ వైపు చూశాడు. ఏడు మేకులూ నిండుగా ఉన్నాయి. బండి వెళ్ళిపోయింది.

మర్నాడు అది వంతెన మధ్యలో చతికిలబడింది.

యాక్సిలరేటరు తొక్కితే వేగం పెరగాల్సింది పోయి తగ్గింది. వెనక నల్లటి పొగ. చెల్లెలు పక్కకు తీసి, ఇంజను ఆపి తాళం మళ్ళీ తిప్పింది. ఏమీ ఎరగనట్టు నడిచింది. రెండ్రోజులాగి మళ్ళీ అదే, ఆ తర్వాత ఇంచుమించు రోజూ అదే. మేనేజరు కారును పెద్ద వర్క్‌షాపుకు పంపించాడు. అక్కడ కంప్యూటరు తగిలిస్తే లోపలికి రావాల్సినంత గాలి రావడం లేదని చెప్పింది. ఎక్కడ ఆగిందో చెప్పలేదు. అది చెప్పడం దాని పని కాదు. గాలి ఇంజనులోకి పోయే దారిలో ఉండే రెక్క, థ్రాటిల్ అంటారే, దాని నిండా మసి ఉందని ఫొటో తీసి చూపించి, కొత్తది వేశారు. పదేళ్ళ డీజిలు బండిలో ఆ రెక్కకు మసి లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. కారు మళ్ళీ ఆగింది. ఈసారి గాలిని కొలిచే సెన్సరు మార్చారు. మళ్ళీ ఆగింది. ఫిల్టరు డబ్బా మాత్రం ఎవరూ తెరవలేదు. మూత మీద తెల్ల రంగు తేదీ ఉంది. సైలెన్సర్ చేసిన పనిలో వేలుపెట్టి ఆయన నోట్లో పడటం ఎవరికీ ఇష్టం లేకపోయింది.

ఈలోగా రెండుసార్లు రక్తం గొట్టాలు ఆలస్యంగా చేరాయి. ఒక ట్రే మొత్తం పారేశారు. ముప్ఫై మందిని మళ్ళీ పిలిచి మళ్ళీ సూది గుచ్చారు. ఎవరో ఒకరు దీనికి సమాధానం చెప్పాలి. మేనేజరు ఆలోచించి ఒక మాట తయారు చేసుకున్నాడు. "రెక్క మారింది, సెన్సరు మారింది. మారనిది డ్రైవరొక్కతే."

బండి బాగానే ఉందని మెకానిక్కు రాసిస్తే శనివారం ఆవిణ్ణి తీసేసి సోమవారం కొత్త మనిషిని పెట్టుకోవచ్చు. ఆ రాసిచ్చే మెకానిక్కు ఆవిడ సొంత అన్నయ్యే అయితే ఇక ఎవరూ నోరెత్తరు. మేనేజరు కారును మేస్త్రి దగ్గరికి పంపాడు.

మేస్త్రి గురువారం చూశాడు. ఊరికే చూశాననిపించలేదు, తనకు తెలిసినంతా చూశాడు. ఇంజను నడుస్తుండగా గొట్టాలన్నీ చేత్తో నొక్కి ఎక్కడైనా చిట్లి గాలి లీకవుతోందేమో తడిమాడు. పొగగొట్టం ముందు తెల్ల రుమాలు పట్టుకున్నాడు. యాక్సిలరేటరు నొక్కి వదిలి, నొక్కి వదిలి చెవి పెట్టి విన్నాడు. ఒక్కడే ఎక్కి, ఖాళీ బండిని బజారు చుట్టూ చదును రోడ్డు మీద తిప్పి తెచ్చాడు. ఎక్కడా ఏమీ లేదు. ఫిల్టరు డబ్బా తెరవలేదు. అది తాను మూసిన మూత.

కాగితం మీద రాశాడు: వాహనంలో లోపం కనిపించలేదు. నడిపే తీరు సరిచూసుకోవాలి.

"బండి ముందు చుట్టరికం లేదండీ" అన్నాడు మేనేజరుతో. మేనేజరు లేచి నిలబడి చెయ్యి కలిపాడు.

శుక్రవారం పదకొండింటికి చెల్లెలు ఆ కాగితం నకలు పట్టుకుని షెడ్డు ముందు కారు ఆపింది. తలుపు ఎంత గట్టిగా వేసిందంటే తాళాల కొట్టతను బయటికొచ్చి చూశాడు.

"అన్నయ్యా, ఈ రెండో వాక్యం నిన్నెవరడిగారు?"

"ఉన్నది రాశాను."

"లోపం కనిపించలేదని రాశావు. సరే, నీకు కనపడలేదు. నా కాలు ఎక్కడ కనపడింది నీకు? నా పక్కన కూర్చున్నావా?"

"ఇంజను బాగుంది, గొట్టాలు బాగున్నాయి, పొగ లేదు. ఇంకేం మిగిలిందే? చెల్లెలివని అబద్ధం రాయనా?"

"అబద్ధం అక్కర్లేదు. రేపటితో నన్ను ఇంటికి పంపేస్తున్నారు, తెలుసా? కాలు బాలేదని పేరు మోసుకుని తిరిగితే ఇంకెవడిస్తాడు నాకు బండి? ఎనిమిదేళ్ళు నడిపాను. మూడు వారాల్లో నా కాలుకేమైంది, బెణికిందా?"

"అది నీ కాలునే అడుగు."

"ఇంకో మాట చెప్పనా? నువ్వు ముట్టుకున్న మర్నాటి నుంచే ఇది మొదలైంది."

ఆ మాటకు మేస్త్రి చేతిలోని రెంచీ నేలమీద పడింది. పడిందో పడేశాడో చెప్పలేం.

"నన్నంటావా? నలభై ఏళ్ళలో నా చేతిలోంచి ఒక్క బండి వెనక్కి రాలేదు. అదిగో గోడ. లెక్కపెట్టు. నోరు తెరిచి లెక్కపెట్టు!"

"ఏడు. అయితే?"

"ఆ రోజూ ఏడే. ఇక మాట్లాడకు."

షెడ్డు వెనకే ఇల్లు. గోడ సన్నం. ఆయన భార్య ముప్ఫై ఏళ్ళుగా ఆ గోడ ఇవతల నుంచి ఇంజన్లనూ మొగుణ్ణీ కలిపి వింటోంది. ఆవిడ ఒక్క గ్లాసు టీతో బయటికొచ్చింది. అది ఆడపడుచు చేతిలో పెట్టింది. మొగుడికి తేలేదు.

"ముందు తాగమ్మా. తాగి చెప్పు. ఎక్కడాగుతోంది, ఎప్పుడు, ఎంత బరువుతో, ఏ గేరులో?"

చెల్లెలు టీ గ్లాసు పట్టుకుని ఆశ్చర్యంగా చూసింది. ఇన్ని రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి వదిన.

"వంతెన మీద వదినా. సగం ఎక్కాక. తిరిగొచ్చేప్పుడు, నాలుగు పెట్టెలూ నిండుగా ఉన్నప్పుడు. మూడో గేరులో. చదును మీద ఏమీ కాదు."

భార్య మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, మీరు వంతెన ఎక్కారా?"

"నాకు పాఠాలు చెప్పకు."

"పెట్టెలు పెట్టారా?"

"రిపోర్టు ఇచ్చేశాను. అయిపోయింది."

"సరే. పద అమ్మాయ్, మనిద్దరం వెళ్దాం. ఆగిపోతే నెట్టడానికి ఒక మనిషి ఉండాలిగా" అని ఆవిడ చెప్పులు వేసుకుంది.

నాలుగు ఐసు పెట్టెలూ ఖాళీగా కారులోనే ఉన్నాయి. భార్య ముందు సీట్లో కూర్చుంది. కారు కదలబోతుండగా మేస్త్రి వెనక తలుపు తీసి, రెండు పెట్టెల మధ్య మోకాళ్ళు ముడుచుకుని, ఎవరినీ చూడకుండా ఇరుక్కున్నాడు.

"ఇద్దరూ కలిసి ఇంజను తగలేస్తారు" అన్నాడు. చెల్లెలు గేరు వేసింది.

ఖాళీ పెట్టెలతో వంతెన దాటి అవతలికి వెళ్ళి, క్లినిక్కుల వీధిలో వాటి నిండా నీళ్ళు నింపి వెనక్కి బయల్దేరారు. దారంతా ఆయన వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు. గేరు తొందరగా మార్చావు. క్లచ్చు మీద కాలు ఆనించావు. ఆ గుంత చూసుకోవా?

"అన్నయ్యా, నేను డ్యూటీలో ఉన్నా. నోరు మూసుకో."

వంతెన మొదలైంది. రెండో గేరు, మూడో గేరు. కారు బాగానే ఎక్కుతోంది. మేస్త్రి ముఖంలో చూశావా అన్న భావం కనిపించడం మొదలైంది. సగం దాటగానే ఇంజను గొంతు మారింది. గట్టిగా పాడుతున్న మనిషి నోటికి ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు. చెల్లెలు తొక్కింది. ఇంకా తగ్గింది. వెనక అద్దంలో నల్లటి పొగ లేచింది. ఆయన ముందుకు వంగి సీట్ల మధ్యలోంచి ఆవిడ కాలు చూశాడు. పాదం నేలకు ఆనేదాకా నిదానంగా, నిండుగా దిగి ఉంది. ఆ కాలులో ఏ తప్పూ లేదు. ఆయన నేర్పిన కాలే.

వెనక హారన్లు మొదలయ్యాయి. చెల్లెలు కాలు వదిలింది. బానెట్టు కింద ఏదో మెత్తగా 'దబ్' మంది.

"అదేంటి?" అంది భార్య.

"ఏది?" అన్నాడు ఆయన. ఆయనా విన్నాడు.

"తీగ మీంచి తడి దుప్పటి జారి పడ్డట్టు."

మేస్త్రి చెవి ముందుకు పెట్టాడు. "తొక్కు" అన్నాడు. చెల్లెలు తొక్కింది. ఇంజను ఉక్కిరిబిక్కిరైంది. "వదులు." దబ్. "తొక్కు. వదులు." దబ్.

"పక్కకు తియ్."

నడిచేవాళ్ళ దారి అంచున ఆపారు. ఆయన బానెట్టు ఎత్తి, తన తెల్ల రంగు తేదీ ఉన్న మూత క్లిప్పులు ఊడదీశాడు. కొత్త ఫిల్టరు పైకెత్తాడు. దాని అడుగున, గాలి లోపలికొచ్చే వైపు, దుమ్ము పట్టి బూడిదరంగుకు తిరిగిన గుడ్డ ఒకటి సగం అతుక్కుని వేలాడుతోంది. అంచుకు ఎర్ర దారం.

బండి నిలబడి ఉన్నంతసేపూ అది డబ్బా అడుగున మడతపెట్టినట్టు పడుకుంటుంది. చదును మీద కాస్త కదులుతుంది. బరువుతో ఎత్తు ఎక్కుతూ ఇంజను గట్టిగా గాలి పీల్చేసరికి లేచి ఫిల్టరుకు అతుక్కుంటుంది. కాలు వదిలితే మళ్ళీ కింద పడుతుంది. ఫిల్టరు అడ్డం ఉండబట్టి అది ఇంజనులోకి పోలేదు. మూడు వారాలుగా ఆ కారు పీక పిసుకుతున్నవాడు దొరికాడు.

"ఏడూ ఉన్నాయి కదా మేకులకు!" అని మేస్త్రి అరిచాడు. ఎవరి మీదో తెలియదు. వంతెన మీద పోతున్న సైకిలతను తననేమో అనుకుని దిగి నిలబడ్డాడు. "ఏడూ ఉన్నాయి! నేను చూశాను!"

భార్య గుడ్డ చేతిలోకి తీసుకుని అంచు వేలితో తడిమింది. "ఇది పాతది" అంది. "ఆ రోజు మధ్యాహ్నం నేను షెడ్డులోకొస్తే ఒక మేకు ఖాళీగా ఉంది. అంతకుముందు రోజే మీరు, ఇది చిరిగింది, పారేస్తాను అని ఒకదాన్ని విసిరికొట్టారు కదా. పారేశారనుకున్నా. లోపలికెళ్ళి కొత్తది కుట్టి తగిలించా."

"నాకు చెప్పకుండా నిన్నెవరు తగిలించమన్నారు?"

"చెబుదామనే వచ్చాను. మీ నోరు ఖాళీగా ఉంటేగా? ఫోనులో ఆ మేనేజరుని ఏడు తరాలూ కడిగేస్తున్నారు. చెయ్యి ఊపి పొమ్మన్నారు నన్ను."

"మరి మేకుకున్నది కొత్త గుడ్డని నాకెలా తెలుస్తుంది..."

"మీరు గుడ్డలు చూస్తే తెలిసేది కొత్తదో పాతదో. మేకు నిండిందా లేదా అనే చూశారు."

ఆయన గుడ్డ అంచు చూశాడు. చెల్లెలు చేతులు కట్టుకుని రైలింగుకు ఆనుకుని నిలబడింది. ఆవిడ అరవలేదు, అదే భయం వేసేలా ఉంది.

"ఇప్పుడేం చేస్తావు అన్నయ్యా?"

భార్య మొగుడి ముఖం చూసింది. ఎంత తిట్టినా తన మనిషే. ఆ లాబ్ బళ్ళన్నీ ఈ షెడ్డుకే వస్తాయి. "ఎలుక గూడు కట్టిందని రాయండి" అంది మెల్లగా. "గాలి గొట్టంలో ఎలుకలు గూళ్ళు పెట్టడం లేదా?"

"ఏ ఎలుక వదినా అంచుకు ఎర్ర దారం వేసి కుట్టేది?" అంది చెల్లెలు.

"నోళ్ళు మూయండి ఇద్దరూ" అని మేస్త్రి గుడ్డ లాక్కున్నాడు. "నలభై ఏళ్ళు అందరి తప్పులూ పేరు పెట్టి చెప్పాను. నా తప్పుకి ఎలుక పేరు పెడతానా? ఆఫీసుకి పోనియ్."

మేనేజరు గదిలో తాళాల బోర్డు, అద్దం బల్ల, దాని కింద రోజువారీ రూట్ల కాగితం ఉన్నాయి. మేస్త్రి గుడ్డను ఆ అద్దం మీద విసిరాడు. దుమ్ము లేచింది.

"ఇదిగో మీ లోపం. నా గుడ్డ. నేను కుక్కాను, తీయడం మర్చిపోయాను. ఆవిడ కాలు బాగుంది. నా రిపోర్టు ఇటివ్వండి, చింపేస్తాను."

మేనేజరు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని గుడ్డనూ ఆయన్నూ చూశాడు. తర్వాత జాలిగా నవ్వాడు.

"మేస్త్రిగారూ, నిన్న మీరు రాసిచ్చినప్పుడు మీ మీద గౌరవం పెరిగింది. ఇవాళ ఇంట్లో గొడవైనట్టుంది. చెల్లెలు వచ్చి ఏడ్చిందా?"

"ఏడవడమా? అది పుట్టినప్పుడు కూడా ఏడవలేదు, అరిచింది!"

"అర్థం చేసుకోగలను. రక్తసంబంధం. తప్పు మీ మీద వేసుకుంటున్నారు. కానీ గుడ్డదేముంది చెప్పండి? మీ షెడ్డు నిండా ఉంటాయి. రెండు భాగాలు మార్చిన పెద్ద వర్క్‌షాపు కనిపెట్టలేనిది, నిన్న మీరే లేదన్నది, ఈ ఒక్క పూటలో దొరికిందంటే..."

అబద్ధం కాకపోయినా తప్పైన మాటను నమ్మిన మనిషి, నిజాన్ని నమ్మడం లేదు. చుట్టరికం లేదన్న ఒక్క ముక్కతో మేస్త్రే ఆ తలుపు మూసేశాడు. ఆయన ముఖం ఎర్రబడింది. ఇక తిట్లు మొదలవుతాయని గుమ్మంలో నిలబడ్డ చెల్లెలు అనుకుంది. మొదలు కాలేదు.

"లేవండి" అన్నాడు.

"ఎక్కడికి?"

"లేవండి చెప్తాను. లైసెన్సుందా మీకు? ఉంది కదా. లేవండి."

ఆఫీసు ముందు, మేనేజరు కళ్ళముందే, డబ్బా తెరిచి గుడ్డను తిరిగి అడుగున పడేశాడు. ఫిల్టరు పెట్టాడు, మూత వేశాడు. నీళ్ళ పెట్టెలు నాలుగూ అలాగే ఉన్నాయి. మేనేజరును స్టీరింగు ముందు కూర్చోబెట్టి తాను పక్కన కూర్చున్నాడు. వెనక వదినా ఆడపడుచూ పెట్టెల మధ్య సర్దుకున్నారు. మేనేజరు మెడలో టై వదులు చేసుకుని, బాగానే నడిపాడు. నిజంగానే మంచి డ్రైవరు. వంతెన సగం వరకు.

పాపం తొక్కాడు. ఇంకా తొక్కాడు. కారు ఆయాసపడి, నల్లగా పొగ కక్కి, నడిచేవాళ్ళకన్నా నెమ్మదైపోయింది. వెనక ఇసుక లారీ ఒకటి హారను మీద చెయ్యి తీయడం లేదు. లారీ డ్రైవరు కిటికీలోంచి సగం బయటికొచ్చాడు.

"ఓ సారూ! కాలు తిమ్మిరెక్కిందా? తొక్కడం రాకపోతే దిగి నడువు!"

మేనేజరు మెడ దాకా చెమట పట్టింది. "బండి లాగడం లేదయ్యా!" అని వెనక్కి అరిచాడు, లారీవాడితో.

అప్పుడు వెనక సీట్లోంచి చెల్లెలు మడత విప్పిన కాగితం చూస్తూ, వార్తలు చదివినట్టు చదివింది. "వాహనంలో లోపం కనిపించలేదు. నడిపే తీరు సరిచూసుకోవాలి."

ఎవరూ నవ్వలేదు. మేస్త్రి దిగి, లారీ హారను వింటూనే గుడ్డ తీశాడు. మూత వేశాడు. "ఇప్పుడు పోనివ్వండి." కారు మూడో గేరులో, నాలుగు పెట్టెలతో, నలుగురు మనుషులతో, ఊపిరి పీల్చుకుంటూ వంతెన ఎక్కింది.

ఆఫీసుకు తిరిగొచ్చాక మేనేజరు పాత రిపోర్టు బల్ల మీద పెట్టి కొత్త కాగితం, పెన్ను ఇచ్చాడు. మేస్త్రి రాశాడు: గాలి ఫిల్టరు డబ్బాలో గుడ్డ మరచిపోవడం వల్ల వాహనం ఆగింది. తప్పు మెకానిక్కుది. సంతకం చేయబోయాడు.

"రెండో వాక్యం?" అంది చెల్లెలు.

"ఇంకేం కావాలి?"

"ఎవరూ అడక్కుండా నిన్న ఒకటి రాశావుగా. ఇప్పుడు అడుగుతున్నాను, రాయి."

ఆయన పళ్ళు కొరికాడు. రాశాడు: డ్రైవరు నడిపే తీరులో తప్పు లేదు. ఆవిడ కాగితం తన వైపు తిప్పుకుని చదివింది. "ఎనిమిదేళ్ళుగా" అంది. ఆయన అదీ ఇరికించి రాసి, పెన్ను గుచ్చినంత పని చేసి సంతకం పెట్టాడు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ఆవిడ సోమవారం మామూలుగా రావచ్చన్నాడు. రక్తం రెండోసారి ఇచ్చిన ముప్ఫై మందికి తాను సమాధానం చెప్పాలన్నాడు. ఇక మీదట బళ్ళను ఆ షెడ్డుకు పంపించడం కుదరకపోవచ్చన్నాడు.

"పంపకండి" అన్నాడు మేస్త్రి. "మీ స్థానంలో ఉంటే నేనైనా పంపను." అదొక్కటే ఆ రోజు ఆయన అరవకుండా చెప్పిన మాట.

గుమ్మం దాటాక చెల్లెలు చెయ్యి చాపింది. "ఆ గుడ్డ ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"ఇవ్వమన్నానా?"

ఆవిడ దాన్ని దులపకుండా అలాగే మడిచి కారు డాష్‌బోర్డు అరలో పెట్టి మూసింది. అప్పటి నుంచి ఆవిడ వదినతో మాట్లాడుతుంది, ఇంటికొస్తుంది, కూర్చుంటుంది. అన్నయ్యతో అవసరమైనంత వరకే. ఎప్పుడైనా ఆ కారులో ఎక్కాల్సొచ్చి ఆయన క్లచ్చు గురించి ఏదో అనబోతే, ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఎడమ చేత్తో ఆ అర తెరుస్తుంది.

భార్య కోపం ఇంకో రకం. ఆ సాయంత్రమే షెడ్డులోకొచ్చి, తాను కుట్టి తగిలించిన కొత్త గుడ్డను మేకు నుంచి తీసేసుకుంది. "చెప్పకుండా తగిలించాను కదా, నాదే తప్పు. తీసేస్తున్నా" అని తీసుకెళ్ళి పొయ్యిగట్టు తుడవడం మొదలుపెట్టింది. ఆయన రెండు రోజులు ఓర్చుకుని, ఇంకొకటి కుట్టమన్నాడు.

"ఏడోది మీ చెల్లెలి దగ్గరుంది. వెళ్ళి అడగండి."

ఆయన అడగలేదు. అడగడమంటే ముందు ఇంకో మాట చెప్పాలి. ఆ మాట కాగితం మీద రాయగలిగాడుగానీ చెల్లెలికి నోటితో ఇంతవరకు చెప్పలేదు.

ఇప్పుడు ఏ బండి గేటు దాటబోయినా మేస్త్రి దూరం నుంచి గోడ చూసి ఊరుకోవడం లేదు. దగ్గరికెళ్ళి ఒక్కో గుడ్డనూ చేత్తో పట్టుకుని, రెండు వేళ్ళ మధ్య నలిపి, బయటికి వినపడేలా లెక్కపెడతాడు. ఆరు దాకా. తర్వాత ఖాళీ మేకు ముందు నిలబడి దాన్ని తిడతాడు.